తొమ్మిది ఇత్తడి బిళ్ళలు

రెండువేల ఆరులో కాలవ కట్టేసిన మర్నాడు అప్పాజీ మాస్టారు మా ఇంటికి వచ్చారు. రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి, గడ్డి కుప్ప వేయించి, ఇక జూన్‌లో నీళ్ళు వదిలేదాకా చేనికి మనతో పనిలేదు, మనకి చేనితో పనిలేదు అనుకుంటూ నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆయన మోటార్‌సైకిల్ కూడా ఆపకుండానే అడిగారు.

"రాజుగారండీ, రోడ్డువార ఆ అరెకరం రెండు నెలలు నాకు వదిలేస్తారేంటి?"

"దేనికండి?"

"బాణాలు వెయ్యడానికండి. హైస్కూల్ గ్రౌండ్‌లో షామియానాలు వేసేశారు. వేసవంతా పెళ్ళిళ్ళేనంట."

ఆయన భీమవరంలో డ్రిల్లు మాస్టారు. సెలవుల్లో ఆరుగురు పిల్లలకి విలువిద్య నేర్పేవారు. ఆ ఆరుగురిలో మా అమ్మాయి గీతిక ఒకతె, మాస్టారి అక్కగారి కూతురు లావణ్య ఒకతె. మిగిలినవాళ్ళవి వెదురు విళ్ళు. వీళ్ళిద్దరివే కాంపౌండ్ విళ్ళు. రెండు కొసలా చిన్న చక్రాలు, వాటి మీదుగా తీగలు, మధ్యలో లోహపు పిడి. చూస్తే విల్లులా కాదు, నూర్చే మిషన్‌లో ఊడిన సామానులా ఉంటుంది. జూన్ పదకొండున కాకినాడలో రాష్ట్ర జట్టుకి ఎంపికలు. మా జిల్లా నుంచి కాంపౌండ్‌లో ఒక్క ఆడపిల్లనే తీసుకుంటారు. ఆ ఒక్కతె మా అమ్మాయి కావాలని నా కోరిక. పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన రోజునే అది నాతో అంది, "నాన్నగారండీ, ఈసారి రాకపోతే విల్లు ఎవరికైనా ఇచ్చేయండి. ఇంటర్‌లో చేరాక నాకు కుదరదు." పదహారేళ్ళ పిల్ల అంత నిదానంగా అంటే భయం వేసింది.

అరెకరం ఇచ్చాను. ఊరికే ఇచ్చాను అనను. నా కళ్ళ ముందు నేర్పుతారు కదా అన్న లెక్క కూడా ఉంది.

విల్లు విజయవాడలో ఒక కుర్రాడి దగ్గర పాతది కొన్నదే. తెచ్చిన రోజునే మావుళ్ళమ్మ తల్లి గుడికి తీసుకెళ్ళి, కుంకుమ పెట్టించి, ఇంటికి తెచ్చి దేవుడి గదిలో పెట్టాను. ఆయుధం అన్నాక దాని చోటు అదే. మా ఇంట్లో దేవుడి గదికి కొన్ని పట్టింపులు ఉన్నాయి. స్నానం చెయ్యకుండా గడప దాటకూడదు. నీచు వండిన రోజున ఆ వైపు రాకూడదు. శుక్రవారం తెల్లారేసరికి గది అద్దంలా ఉండాలి. గురువారం సాయంత్రం మాత్రం మేము ముగ్గురం సాయిబాబా గుడికి హారతికి వెళతాం. ఆ పూట బాణాలకి సెలవు.

మొదటి వారం గీతిక బాణాలు గురి అట్ట మీద చల్లిన వడ్లలా పడ్డాయి. మాస్టారు చూసి, విల్లు ముందు నుంచి పొడుగ్గా వచ్చే రాడ్డుని వేలితో తట్టారు.

"దీని కొసన బరువు లేదండి. పక్కన ఇంకో పొట్టి రాడ్డు పెట్టి, దానికీ బరువు కట్టాలి. అప్పుడు గాని చెయ్యి నిలబడదు."

"బరువు కడితే పిల్ల చెయ్యి మరీ వణకదూ?"

"కావిడి మోసేవాణ్ణి చూళ్ళేదా రాజుగారూ? ఖాళీ బద్ద భుజం మీద ఎగిరెగిరి పడుతుంది. రెండు పక్కలా బుట్టలుంటే కుదురుగా పోతాడు. ముందు బుట్ట బరువైతే బద్దని కాస్త వెనక్కి జరుపుకుంటాడు. ఈ విల్లుకి జరుపుకునే వీలు లేదు. అందుకని బుట్టల్లో బరువే సర్దాలి."

లేతు మిషన్ పని చేసే గంగరాజు చేత రెండు విళ్ళకీ ఇత్తడి బిళ్ళలు చేయించారు. ఒక్కొక్కదానికి తొమ్మిది. అన్నీ రూపాయి బిళ్ళకి రెండింతల వెడల్పు, మధ్యలో మర. అన్నీ బిగిస్తే బరువు ఎక్కువైందని, నాలుగింటిని వెనక వైపు తొలిపించారు. ఒకదాని మీద ఒకటి బిగించాక ఏది గట్టిదో ఏది తొలిచిందో పైకి తెలీదు. ముందు రాడ్డుకి మూడు, పక్క రాడ్డుకి ఆరు.

ఏ బిళ్ళ ఎక్కడ ఉండాలో తేలడానికి నాలుగు రోజులు పట్టింది. గీతికని కళ్ళు మూసుకుని విల్లు లాగమనేవారు. చెయ్యి కుదురుకున్నాక తెరవమనేవారు. గురి చూసే అద్దం కింద చిన్న గొట్టంలో ఒక బుడగ ఉంటుంది, తాపీమేస్త్రి రసమట్టంలో ఉన్నట్టే.

"బుడగ ఎక్కడుందమ్మా?"

"కుడి గీత దాటిందండి."

"అయితే విల్లు ఎడమకి ఒరిగింది." ఒక గట్టి బిళ్ళ తీసి తొలిచింది వేసేవారు. "మళ్ళీ ముయ్యి."

ఇలా ఎన్నిసార్లో. నాలుగో రోజు పొద్దున్న గీతిక కళ్ళు తెరిచి నవ్వింది. "మధ్యలోనే ఉందండి!" ఆ పూట యాభై మీటర్ల దూరం నుంచి వేసిన ఆరు బాణాల్లో అయిదు అట్ట నడిమి పసుపులో దిగాయి. మాస్టారు జేబులోంచి బీడీకట్ట కాయితం తీసి, వెనక ఏదో రాసుకున్నారు. నేను మావుళ్ళమ్మ తల్లికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

తరవాతి శుక్రవారం బాణాలన్నీ ఎడమకి పోయాయి.

గాలి అనుకున్నాం. మాస్టారు విల్లు తీసుకుని, గడ్డి కుప్ప నీడలో కూర్చుని, బిళ్ళలన్నీ విప్పి మళ్ళీ బిగించారు. శనివారానికి సర్దుకుంది. ఆ పై శుక్రవారం ఎడమకి కాదు, కిందికి దిగాయి. పిల్ల చెయ్యి ముందుకి నిలవడం లేదు. మళ్ళీ విప్పారు, మళ్ళీ బిగించారు. మూడో శుక్రవారం ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"ఇంట్లో ఎవరైనా విల్లు ముట్టుకుంటున్నారేంటండి?"

నాకు చురుక్కుమంది. "దేవుడి గదిలో ఉంటుంది మాస్టారూ. మా ఇంట్లో దేవుడి గదిలో వస్తువు ఎవరూ ఆటలకి ముట్టుకోరు."

"ఆయ్, అది కాదండి. బాగా చూసుకుంటున్నారు, కాదనను. తళతళలాడిపోతోంది. లావణ్య విల్లు చూడండి, మట్టి కొట్టుకుపోయింది."

అలా అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. డబ్బున్నవాళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటారు అన్నట్టు వినిపించింది. కాని ఆయన మాటకి లావణ్య విల్లు వైపు చూశాను. చూసిన వాణ్ణి చూస్తూనే ఉండిపోయాను.

ఆ పిల్ల బిళ్ళలు చెమట పట్టి, దుమ్ము పట్టి, పాత కానీల్లా నల్లబడ్డాయి. మా అమ్మాయివి నిన్ననే లేతు మీంచి దిగినట్టున్నాయి. ఒకే రోజున ఒకే చేతిలో తయారైన బిళ్ళలు. నెల్లాళ్ళలో ఒకటి నల్లబడి ఒకటి మెరవడం ఏంటి? వారం అంతా గీతిక చేతిలో ఉన్నప్పుడు మసకబారిన బిళ్ళలు శుక్రవారానికి కొత్తవి ఎలా అవుతున్నాయి?

మాస్టారే బిళ్ళలు మారుస్తున్నారని అనుమానం వచ్చాక నాకు అన్నీ కనబడటం మొదలెట్టాయి. మాస్టారు బిళ్ళలు విప్పేటప్పుడు మనవైపు వీపు పెట్టి కూర్చుంటారు. లావణ్యకి ఏదో చెవిలో చెబుతారు. బుధవారం నాడు మా అమ్మాయి బిళ్ళ ఒకటి తీసి లావణ్య విల్లుకి బిగించి చూడటం నా కళ్ళారా చూశాను. బరువు పోల్చడానికి అన్నారు. గురువారం పొద్దున్న విల్లు ఆయనే సంచిలో సర్ది ఇస్తారు. శుక్రవారం తీస్తే చెడిపోయి ఉంటుంది. మధ్యలో అది ఉన్నది ఎక్కడ? నా దేవుడి ముందు. ఇక తప్పు ఎవరి చేతిలో జరిగినట్టు?

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆవిడతో అన్నాను. "ఒక్క పిల్లనే తీసుకుంటారు. సొంత మేనకోడల్ని పక్కన పెట్టుకుని మన పిల్లకి నేర్పుతాడా?"

"నేర్పబట్టే కదా అయిదు బాణాలు పసుపులో పడ్డాయి?"

"అది మొదట్లో. మన పిల్ల మించిపోతోందని తెలిసాక మెలిక పెట్టాడు."

"మనిషిని ఊరికే అనకండి. పుస్తకం పట్టుకుని గంట సేపు పారాయణ చేస్తారు, లేచాక ఇవా ఆలోచనలు?"

గీతిక పెరుగన్నం సగంలో వదిలేసి లేచిపోయింది. అది వింటోందని నాకు తోచనే లేదు.

మే ఇరవయ్యారు శుక్రవారం. గీతిక ఆరు బాణాలు వేస్తే రెండు అట్టకే తగల్లేదు. గట్టు అవతల మట్టిలో వెతుక్కుంటోంది. లావణ్యవి ఆరూ పసుపులోనూ, ఎరుపులోనూ గుత్తిగా ఉన్నాయి. మాస్టారు చెయ్యి చాచి, "ఇలా తేమ్మా విల్లు," అన్నారు. నేను చేలోకి దిగి, ఆ చేతికి అడ్డంగా నిలబడ్డాను.

"అక్కర్లేదండి. మీ చేతిలో పెట్టినప్పుడల్లా ఇలాగే అవుతోంది."

"అదేంటి రాజుగారూ?"

"మీ మేనకోడలికి పట్టం కట్టుకోండి, నేను వద్దనను. దానికి నా కూతురి విల్లు చెడగొట్టక్కర్లేదు."

ఎండ అప్పుడే నడినెత్తికి వస్తోంది. వెదురు విళ్ళ పిల్లలు నలుగురూ కదలడం మానేశారు. లావణ్య తన విల్లుని వీపు వెనక దాచుకుంది, దొంగసొత్తులా. ఆ పిల్ల అలా చెయ్యడం కూడా నాకు సాక్ష్యంగానే కనబడింది.

మాస్టారు జేబులోంచి ఆ బీడీకట్ట కాయితం తీసి గీతిక చేతిలో పెట్టారు. "ఏ బిళ్ళ ఏ వరసలో ఉండాలో ఇందులో ఉందమ్మా. గట్టిదానికి సున్న, తొలిచినదానికి గీత." తరవాత నాతో, "అట్టలు సాయంత్రం తీయించేస్తానండి. మీ చేను మీకు ఖాళీ," అని బండి ఎక్కారు.

మర్నాటి నుంచి గీతిక పొద్దున్నే కాయితం ముందు పెట్టుకుని బిళ్ళలు తనే బిగించుకుంది. గడ్డి మోపులు కట్టి, వాటికి పాత అట్ట తగిలించి నేనే గట్టు మీద నిలబెట్టాను. మొదటి రోజునే బుడగ మధ్యకి వచ్చింది. మూడో రోజుకి మళ్ళీ అయిదు బాణాలు పసుపులో. మాస్టారి కాయితం సరిగ్గానే ఉంది మరి. అది చూసి నా మనసు కాస్త తగ్గాలి కదా? తగ్గలేదు. నలుగురిలో అడిగేసరికి భయపడి నిజం రాసిచ్చాడు అనుకున్నాను. అనుమానానికి ఏ కాయితం ఇచ్చినా తనకి కావలసినట్టే చదువుకుంటుందని అప్పట్లో నాకు తెలీదు.

బుధవారం సాయంత్రం మా ఆవిడ గోళ్ళరంగు సీసా తీసుకుని, ముందు బిళ్ళల మీద ఒకటి, పక్క బిళ్ళల మీద ఒకటి, నిలువుగా ఎర్ర గీత గీశాను. ఇక ఒక్క బిళ్ళ కదిలినా గీత తప్పుతుంది. పట్టుకోవచ్చు. ఎవర్ని పట్టుకోవాలో మాత్రం ఆలోచించలేదు. గురువారం ఎప్పటిలాగే ముగ్గురం బాబా గుడికి వెళ్ళి హారతి చూసి వచ్చాం. రాత్రి తలుపు గడియ నేనే వేశాను.

శుక్రవారం పూజ తొందరగా ముగించి చేలోకి వెళ్ళాం. మొదటి బాణం ఎడమ చివర నీలంలో. రెండోది దాని పక్కనే. గీతిక విల్లు దించి బుడగ వైపు చూసింది, తరవాత నా వైపు. నేను బిళ్ళలు చూశాను. ఎర్ర గీత లేదు. ఒక్క బిళ్ళ అంచున మాత్రం చీమ తలంత ఎరుపు మిగిలింది. మిగతాదంతా బంగారంలా మెరుస్తోంది.

అప్పాజీ మాస్టారు వారం రోజులుగా మా గుమ్మం తొక్కలేదు.

ఇంటికి వచ్చాను. పెరట్లో కుళాయి దగ్గర రత్తమ్మ పొద్దుటి గిన్నెలు తోముతోంది. పన్నెండేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది. నన్ను చూసి, నేను అడగకుండానే మొదలెట్టింది.

"అయ్యగారండీ, ఆ విల్లు బిళ్ళలకి ఎర్రరంగు ఎవరు పూసేరండి? గీకలేక సచ్చిపోయేననుకోండి. సింతపండుకి వదల్లేదు, బూడిదకి వదల్లేదు. ఆకరికి ఇటికరాయి పెట్టి రుద్దేను."

నేను అరుగు మీద కూర్చున్నాను. "బిళ్ళలు నువ్వు తోముతున్నావా?"

"తోమొద్దాండి?" దాని చెయ్యి ఆగిపోయింది. "దేవుడి గదిలో ఇత్తడన్నది నల్లగా కనబడితే ఊరుకోనని మీరే కదండీ సెప్పేరు. గురువారం సాయంత్రం తానం సేసొచ్చి, కుందులు, గంట, పళ్ళెం, బిళ్ళలు అన్నీ తెచ్చి తోముతానండి. మీరు గుడి నుంచి వచ్చేసరికి సర్దేత్తాను. ఒక్కటి పోలేదండి. ముందు మూడు, పక్కన ఆరు. లెక్కెట్టే బిగిత్తానండి."

లెక్క ఎప్పుడూ తప్పలేదు. తొమ్మిదీ తొమ్మిదే. ఏది గట్టిదో ఏది తొలిచిందో దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందని మా ఎవరికీ తెలీదు. బిళ్ళలు ఎందుకు మెరుస్తున్నాయని ఇంట్లో ఒక్క మనిషిని నేను అడగలేదు. గీతికేమో అమ్మ తుడుస్తోంది అనుకుందట. మా ఆవిడేమో గీతికే తుడుచుకుంటోంది అనుకుందట.

గీతిక నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కోపం కూడా లేదు దాని గొంతులో.

"మాస్టారిని అన్నారు, సరే నాన్నగారూ. నన్ను ఒక్క మాట అడగాల్సింది."

ఆ సాయంత్రం దాన్ని బండి మీద ఎక్కించుకుని మాస్టారి ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఒక మాట తయారుచేసుకున్నాను. 'మా పనిమనిషి తెలియక చేసిందండి.' అబద్ధం కాదు కదా. బుధవారం గీసిన గీత సంగతి, ఇటికరాయి సంగతి చెబితే ఆయనే నవ్వేస్తారు, అక్కడితో సరి అనుకున్నాను.

మాస్టారు వరండాలో నేల మీద కూర్చుని లావణ్య విల్లు తీగకి మైనం రాస్తున్నారు. నన్ను చూసి లేచి కుర్చీ వేశారు. ఆ కుర్చీ నాకు గుచ్చుకుంది. లావణ్య లోపలికి వెళ్ళిపోయింది.

"మా పనిమనిషండి," అన్నాను. "బిళ్ళలు విప్పి తోముతోందంట. ప్రతి గురువారం."

ఆయన మైనం ముద్ద పక్కన పెట్టారు. గీతిక విల్లు తీసుకుని, మెరుస్తున్న బిళ్ళల్ని వేలితో తిప్పి చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశారు. నవ్వలేదు.

"తోమమని ఎవరు చెప్పారండి?"

మామూలుగానే అడిగారు. తెలుసుకుందామనే అడిగారు. నా నోట్లో తయారుగా ఉన్న మాట అక్కడే ఆగిపోయింది.

"నేనేనండి."

"ఆయ్," అన్నారు మాస్టారు. లోపలికి తిరిగి, "లావణ్యా, రెండు గ్లాసులు మజ్జిగ తేమ్మా," అన్నారు. తరవాత గీతికతో, "కళ్ళు ముయ్యి," అన్నారు.

ఎనిమిది రోజులు మిగిలాయి. అట్టలు మళ్ళీ మా చేలోకి వచ్చాయి. పోయిన వారాన్ని మాత్రం ఎవరూ తేలేకపోయారు.

కాకినాడలో ఆదివారం పొద్దున్నే ఉక్కపోత. సముద్రం వైపు నుంచి గాలి ఆగి ఆగి వస్తోంది. మా అమ్మాయి బాగా వేసింది. లావణ్య ఇంకా బాగా వేసింది. చివరి ఆరు బాణాల ముందు నాలుగు పాయింట్లు తేడా, అయ్యాక ఆరు. బోర్డు మీద లావణ్య పేరు రాస్తుంటే, నిజం చెప్పాలంటే, నా లోపల ఏదో తల ఎత్తింది. పొద్దున్న మాస్టారు ఆ పిల్ల బిళ్ళలు ఎందుకు తడిమారు? మా అమ్మాయివి ఎందుకు తడమలేదు? అంత జరిగాక కూడా అది నాలో బతికే ఉంది. రోజూ దీపం పెట్టే మనిషిలో అది ఎక్కడ దాక్కుంటుందో నాకు ఇప్పటికీ తెలీదు. మావుళ్ళమ్మ తల్లిని అడిగాను చాలాసార్లు.

అటు చూస్తే గీతిక లావణ్య మెడ పట్టుకుని ఏదో చెప్పి నవ్విస్తోంది. నేను వెళ్ళి ఆ పిల్ల ముందు నిలబడ్డాను.

"బాగా వేశావమ్మా. ఆ రోజు చేలో నేనన్న మాట..."

"పర్లేదండి," అంది అది గబుక్కున, నా వైపు చూడకుండా. పర్లేదంటే పర్లేదని కాదు. ఆ మాట అక్కడ ఆపమని. ఆపాను.

మేము తిరిగి వచ్చిన మూడో రోజున కాలవ వదిలారు. రోడ్డువార అరెకరంలోకి ఎర్రనీళ్ళు ఎక్కుతుంటే, మాస్టారు అట్టలు మోటార్‌సైకిల్‌కి కట్టుకున్నారు.

"విల్లు ఇచ్చేస్తానందంట కదండీ అమ్మాయి?"

"అలాగే అందండి. మళ్ళీ అడగలేదు."

"అడక్కండి. ఆదివారాలు హైస్కూల్ గ్రౌండ్‌కి పంపండి. దేవుడి గదిలోంచి తియ్యకండి దాన్ని, అక్కడే ఉండనివ్వండి." బండి స్టార్ట్ చేసి, ఆగి, "తోమొద్దని చెప్పండి, చాలు," అన్నారు. ఆ వేసవిలో ఆయన నవ్వడం నేను సరిగ్గా చూసింది అప్పుడే.

రత్తమ్మకి చెప్పాను. దానికి ఆ మాట మింగుడు పడలేదు. ఇప్పటికీ శుక్రవారం పొద్దున్న దీపం వెలిగిస్తే కుందులు, గంట, పళ్ళెం, అమ్మవారి కిరీటం అన్నీ తళుక్కుమంటాయి. వాటి మధ్య ఆ తొమ్మిది బిళ్ళలు నల్లగా ఉంటాయి. హారతి ఇచ్చాక పళ్ళెం ఒకసారి వాటి ముందు కూడా తిప్పుతాను. చూసినవాళ్ళు ఎందుకని అడుగుతారు. ఆయుధం కదండీ అంటాను.